నాలుగింటి బడి

మొన్న ఆదివారం హన్మకొండలో మా అమ్మాయి ఇంటికి పోయాను. మనవడికి బడి పడటం లేదని, ఈ ఏడాది ఇంట్లోనే చదివిస్తామని ముందే ఫోనులో చెప్పింది. వాడికి ఎనిమిదేళ్లు. తరగతిలో నలభైమంది మధ్య కూర్చుంటే నోరు మెదపడు, ఇంట్లో అయితే ప్రశ్న మీద ప్రశ్న వేసి మన ప్రాణం తీస్తాడు. సరే, మంచిదే అనుకున్నాను. చెప్పులు విప్పి లోపలికి పోగానే ఫ్రిజ్ తలుపు మీద అతికించిన పెద్ద కాగితం కనపడింది. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా గళ్లు, గడికో రంగు. లెక్కలు నీలం, తెలుగు పసుపు, యోగా ఆకుపచ్చ. ఆటకు కూడా ఒక గడి ఉంది, అర్ధగంట, గులాబీ రంగులో. "ఎట్లుందమ్మా?" అని అడిగింది మా అమ్మాయి, కొత్తగా నేర్చిన వంట రుచి చూపించినట్టు. "సగం గళ్లు తుడిచెయ్యి బిడ్డా," అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషి అనవలసిన మాటేనా అది అన్నట్టు చూసింది. ఎందుకన్నానో చెప్పాలంటే మా చెల్లె సంగతి చెప్పాలి. తనకొక చిన్నమ్మ ఉండేదని, చిన్న వయసులోనే పోయిందని మా అమ్మాయికి తెలుసు. అంతకు మించి నేనెప్పుడూ చెప్పలేదు.

అరవై తొమ్మిదిలో మేము జనగామలో ఉండేవాళ్లం. రైల్వే స్టేషన్‌కు ఇవతల రెండు గదుల పెంకుటిల్లు. రైలు పోయినప్పుడల్లా గూట్లో గ్లాసులు సన్నగా గలగలమనేవి. బాపు సర్కారు దవాఖానలో కంపౌండరు. మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం, మా వైపు అలవాటు అది. అన్న ఏడో తరగతి, నేను నాలుగు. చెల్లెకు ఆరేళ్లు నిండుతున్నాయి, ఆ ఏడే బడిలో వెయ్యాలి. అంతలోనే ఉద్యమం మొదలైంది. తెలంగాణ కావాలని రోజూ ఊరేగింపులు, బందులు. బడులకు తాళాలు పడ్డాయి. మొదట్లో మాకు అదంతా పండుగే. అన్న పెద్ద పిల్లల వెంట తిరిగి తిరిగి, అరిచి అరిచి, గొంతు పోగొట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. ఏదడిగినా సైగలతో జవాబు చెప్పేవాడు. వారాలు నెలలయ్యాయి. ఒకరోజు అన్నను పదమూడో ఎక్కం చెప్పమంటే నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయాడు. అవ్వకు భయం పట్టుకుంది. "ఉద్యమం ఉద్యమమే, ఎక్కాలు ఎక్కాలే. రేపట్నుంచి ఇంట్లనే బడి," అని తేల్చేసింది.

అవ్వ చదివింది ఆరో తరగతి. నైజాం రోజుల్లో, మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంది. తనకు ఇంకా చదవాలని ఉండేదట, పెళ్లి చేశారు. ఆ మిగిలిపోయిన చదువంతా మా మీదికి వచ్చింది. పాత క్యాలెండరు వెనక వైపు, దవాఖాన నుంచి బాపు తెచ్చిన స్కేలు పెట్టి గీతలు గీసింది. పొద్దున ఎనిమిదింటి నుంచి ఐదింటి దాకా పదకొండు గళ్లు. ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టి గంట మోగించేది. హాజరు పిలిచేది. కన్న పిల్లలం ముగ్గురమే, కళ్లెదుటే కూర్చున్నాం, అయినా పేరు పేరునా పిలిస్తే లేచి నిలబడి "హాజిర్" అనాలి. ఆమె చదివిన బడిలో అట్లా అనేవారట. బడి నడిచినంతసేపూ అవ్వా అని పిలవకూడదు, పంతులమ్మా అనాలి. ఈ నియమాన్ని అందరికన్నా గట్టిగా పాటించింది చెల్లె. మూడోరోజో నాలుగోరోజో పదకొండింటి వేళ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "పంతులమ్మా, మా అవ్వ ఎప్పుడొస్తది? నాకు ఆకలైతాంది," అని అడిగింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "మీ అవ్వ ఇంకో అర్ధగంటకు వస్తది, జర కూసో," అని చెప్పి గోడవైపు తిరిగి చాలాసేపు నవ్వింది. అవ్వ అంత నవ్వగా నేను మళ్లీ చూసింది తక్కువ.

చెల్లెకు చదువు తొందరగా పట్టింది. అన్నకూ నాకూ పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని విని, మాకంటే ముందు అప్పజెప్పేది. రెండు నెలల్లో అక్షరాలు, గుణింతాలు అయిపోయాయి. బాపు తెచ్చే మందు సీసాల మీద తెలుగులో ఏముంటే అది కూడబలుక్కుని చదివేది. అవ్వ ఆశకు రెక్కలొచ్చాయి. "బడి తెరిచెటాల్లకు దీన్ని ఒకటో తరగతి దాటిస్త. రెండోదాంట్ల ఏస్త. ఇది డాక్టరమ్మ అయితది," అనేది వచ్చినవాళ్లందరితో. బాపు నవ్వి ఊరుకునేవాడు. తాను డాక్టరు చీటీ చూసి మందు కట్టే మనిషి. బిడ్డ ఆ చీటీ రాసే మనిషవుతుందంటే ఆయనకు మాత్రం చేదా?

ఎండలు ముదిరిన రోజుల్లో చెల్లెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. రెండోనాటికి ఒళ్లు కాలిపోయింది, మెడ తిప్పలేకపోయింది, మధ్యాహ్నానికి సోయి తప్పింది. వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నారు. ఆ రెండు రోజులూ రైళ్లు లేవు, బస్సులు లేవు, రోడ్ల మీద రాళ్లు. బాపు కాళ్లావేళ్లా పడితే చివరికి ఒక జీపు దొరికింది. చెల్లెను తడి దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని అవ్వ ఎక్కింది. అన్నా నేనూ పక్కింటి వాళ్ల దగ్గర ఉన్నాం. పొద్దున మా ఇంటికి పోతే గోడ మీద క్యాలెండరు వెనక పదకొండు గళ్లు అట్లాగే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక ఎనిమిదింటికి నేను చెంబు మీద గరిటెతో కొట్టాను. ఊరేగింపుల అన్న కూడా వచ్చి కూర్చున్నాడు. మేమిద్దరం ఒకరికొకరం ఎక్కాలు చెప్పుకున్నాం.

మెదడువాపు జ్వరం అన్నారు. బతకదని కూడా అన్నారట. నెల తర్వాత చెల్లె ఇంటికి వచ్చింది, చిక్కి సగమై, తల గొరిగించుకుని. నన్ను చూసి నవ్వింది, పేరు పెట్టి పిలిచింది. అంతా బాగయిపోయిందనుకున్నాం. నాలుగు రోజులు పోయాక అవ్వ ఒళ్లో కూర్చోబెట్టుకుని, పలక మీద 'అ' రాసి, "ఇదేందమ్మా?" అని అడిగింది. చెల్లె చాలాసేపు చూసింది. ఎప్పుడో చూసిన మనిషిని గుర్తుపట్టలేక మొహమాటపడే వాళ్లు చూస్తారే, అట్లా చూసింది. తర్వాత అవ్వ ముఖంలోకి చూసి, "నువ్వే చెప్పరాదే," అన్నది. అక్షరం ఒక్కటి కూడా మిగల్లేదు. మాట నెమ్మదించింది. నెలకు రెండుమూడు సార్లు ఫిట్స్ రావడం మొదలైంది.

ఉద్యమం సద్దుమణిగి బడులు తెరిచారు. అన్నా నేనూ వెనక్కి పోయాం. చెల్లెను కూడా వేశారు. పదిరోజులు కాకముందే బాపుకు కబురొచ్చింది. పెద్దసారు మంచివాడే, నచ్చజెప్పినట్టే చెప్పాడట, "పిల్లకు ఫిట్లొస్తె మిగిలిన పిల్లలు బెదురుతున్నరు. పడి తల పగిలితె మాకు మాటొస్తది. ఇంట్లనే ఉంచుకోండ్రి," అని. బాపు చెల్లె చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. అవ్వ గడపలో నిలబడి విన్నది. లోపలికి పోయి ఇంకో క్యాలెండరు తీసి, వెనక్కి తిప్పి గీతలు గీసింది. ఈసారి పదమూడు గళ్లు. పోయినదాన్ని ఏడాదిలో తిరిగి తెస్తానని, పై ఏడు అదే బడికి తోలుకపోయి, అదే సారు ముందు చదివిస్తానని ఆమె పంతం.

ఆ ఏడాదిని తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టం. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లోంచి ఒకే అక్షరం వినపడేది. "మ. మ. చెప్పు, మ." పొయ్యి మీద కూర మాడేది, బట్టలు నానబెట్టినవి నానినట్టే ఉండేవి, అవ్వ జుట్టు రేగిపోయి ఉండేది. ఉదయం వచ్చిన అక్షరం సాయంత్రానికి ఉండేది కాదు. అనుకున్న గడి కాకపోతే ఆ పాఠాన్ని మరునాటి గళ్లలోకి తోసేది. అట్లా తోసి తోసి వారం చివరికి ఏ గడిలో ఏముండాలో ఆమెకే తెలిసేది కాదు. ఒకరోజు నేను పుస్తకాల సంచి దించుతుండగా స్కేలు చప్పుడు వినపడింది. అవ్వ చెల్లె అరచేతి మీద కొట్టింది, రెండుసార్లు. చెల్లె ఏడవలేదు. చేతిని ఒళ్లో దాచుకుని, అవ్వను ఓదార్చే గొంతుతో, "రేపొస్తదే అవ్వా. ఇయ్యాల యాడికో పోయింది," అన్నది. ఆ అక్షరం ఏదో పనిమీద ఊరికి పోయినట్టు. అవ్వ స్కేలు పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. ఆ పూట అన్నం బాపే వండాడు.

భోజనాలయ్యాక బాపు గోడ మీది క్యాలెండరు తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "దవాఖానల నేను మందు ఊకె పొయ్య. మోతాదు చూసి పోస్త. పెద్దమనిషి మోతాదు పసిపిల్లకు పోస్తె మందే విషమైతది. సదువు సుత గంతేనేమో," అన్నాడు. అవ్వకు కోపం వచ్చింది. "మీ మోతాదులు దవాఖానల కట్టుకోండ్రి. నా బిడ్డకు కాదు," అన్నది. నాలుగురోజులు ఆయనతో మాట్లాడలేదు. ఐదోనాడు పాఠం మధ్యలో చెల్లెకు ఫిట్స్ వచ్చింది. బలపం చేతిలో ఉండగానే పక్కకు ఒరిగింది. నాలుక కొరుక్కుని పలక మీద రక్తం పడింది. తేరుకున్నాక కళ్లు తెరిచి, పలక కోసం తడుముకుంటూ, "అయిపోయిందా గంట?" అని అడిగింది. అవ్వ ఆ పలకను కడిగి, బోర్లించి, తానే క్యాలెండరు చింపి పొయ్యిలో వేసింది.

అప్పటి నుంచి మా ఇంట్లో బడి నాలుగింటికి. ఒక్క గంట. ఒక్కటే పని. అది అక్షరమే కానక్కరలేదు. ఒక వారమంతా జడకు రిబ్బను కట్టుకోవడం నేర్పింది, ఇంకో వారం ఫిట్స్ మందు గోలీ ఏ డబ్బాలోదో గుర్తుపట్టడం. మిగతా సమయమంతా ఇంటిని ఒక పద్ధతిలో పెట్టడానికే ఖర్చుచేసింది. వస్తువు చోటు మారకపోతే చెల్లెకు గుర్తుండేది, మారితే మనసు చెదిరిపోయేది. అందుకని మా ఇంట్లో ప్రతిదానికీ ఒక చోటు ఉండేది. పలక కిటికీలో, బలపాలు టీపొడి డబ్బాలో, గోలీలు గూట్లో ఎడమ పక్క, గౌను రెండో మేకుకు. ఈ పద్ధతికి మొదట తలవంచని మనిషి బాపే. ఎప్పటిలాగే గొడుగు ఎక్కడ పడితే అక్కడ పెట్టేవాడు. చెల్లె గొడుగు మేకు దగ్గర నిలబడి, "గొడుగు ఇంటికి రాలె," అని అన్నం తినేది కాదు. ఆయన చేతులు కడుక్కున్నవాడు కడుక్కున్నట్టే లేచి గొడుగు వెతికి తగిలించి వచ్చేవాడు. రెండు నెలల్లో దవాఖానలో కూడా బాపు వస్తువులు సర్దడం చూసి అందరూ ఆశ్చర్యపోయారని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

అవ్వ ఒక నోటుబుక్కు పెట్టింది. రోజుకు ఒక్క వరుస. ఆ రోజు ఏం వచ్చిందో రాసేది, రానిదాన్ని రాసేది కాదు. 'మ వచ్చింది.' 'గోలీ తనే యాది చేసి అడిగింది.' 'గోడ మీద గడియారం చూసి నాలుగైంది అన్నది.' ఒకచోట, 'ఈ రోజు ఏమీ రాలేదు. మంచిగ నవ్వింది.' డాక్టరమ్మ మాట ఎప్పుడు పోయిందో నాకు గుర్తులేదు. ఎవరైనా చుట్టాలు వచ్చి, "పిల్ల ఎందాక సదివింది?" అని అడిగితే, అవ్వ తడబడకుండా, "నిన్నటికన్న జరంత ముందుకే," అనేది. వాళ్లకు అర్థమయ్యేది కాదు.

నేను ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు బాపుకు కాటారం బదిలీ అయింది. అడవి అంచు ఊరు, చుట్టూ వరి పొలాలు, వానొస్తే వాగులు పొంగి భూపాలపల్లి బస్సు ఆగిపోయేది. కొత్త ఇంట్లో సామాను దించగానే అవ్వ చేసిన మొదటి పని, జనగామ ఇంట్లో ఏది ఎక్కడుండేదో ఇక్కడా అక్కడే ఉండేట్టు మేకులు కొట్టించడం. నన్ను హన్మకొండ హాస్టల్లో వేశారు. అన్న అప్పటికే కాజీపేటలో పనిలో చేరాడు. చెల్లె, అవ్వ, నాలుగింటి బడి, ఈ మూడూ అక్కడ నిశ్శబ్దంగా సాగాయి. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా నోటుబుక్కు తిరగేసి మనసులో విసుక్కునేదాన్ని. ఇన్నేళ్లకు ఇంతేనా అనుకునేదాన్ని.

ఇంటర్ పరీక్షలు రాసి వచ్చిన వేసవిలో తరిగొప్పులలో అమ్మమ్మకు బాగాలేదని కబురొచ్చింది. అవ్వ పోక తప్పలేదు. పోతూ పోతూ బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నాలుగింటికి ఒక్క గంట బిడ్డా. గంతే. దానికి వచ్చినకాడికే," అన్నది. నేను సరేనన్నాను. నాకప్పుడు పదిహేడేళ్లు. తరగతిలో మొదటిదాన్ని, టీచర్ ట్రైనింగ్‌కు పోదామనుకుంటున్నాను. అవ్వకు ఓపిక ఉంది గాని పద్ధతి తెలియదని, నాకు తెలుసని గట్టి నమ్మకం. బస్సు పోయిన సాయంత్రమే ఎర్ర సిరాతో గళ్లు గీశాను.

చెల్లెకు పద్నాలుగేళ్లు. నేనంటే ప్రాణం. "అవ్వ అచ్చెటాల్లకు పుస్తకం సదువుదామా?" అంటే కళ్లు మెరిశాయి. "అవ్వకు చెప్పకే అక్కా. అచ్చినంకనే సదివి చూపిస్త," అన్నది. పొద్దున్నే లేపేదాన్ని. మధ్యాహ్నం పడుకోనిచ్చేదాన్ని కాదు. ఒక్కోసారి నుదురు పట్టుకునేది. ఏమైందంటే ఏం లేదనేది. బాపు దవాఖాన నుంచి వచ్చి మమ్మల్ని చూసి, "ఏందో మస్తు సదువుతాండ్రు," అని మురిసిపోయేవాడు. ఆయనకు నేను గీసిన గళ్లు చూపించలేదు. పన్నెండోరోజుకు చెల్లె ఒకటో తరగతి వాచకంలో ఐదు వరుసలు చదివింది. ఆగి ఆగి, వేలు పెట్టి, కానీ చదివింది. నేను దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. ఎనిమిదేళ్లలో అవ్వ చేయలేనిది పన్నెండు రోజుల్లో చేశానని గర్వపడ్డాను. ఆ గర్వాన్ని ఇప్పటికీ క్షమించుకోలేదు.

అవ్వ వచ్చిన రోజు మధ్యాహ్నం, ఇంకా కాళ్లు కడుక్కోకముందే, చెల్లె పుస్తకం తీసుకుని ఎదురుగా నిలబడింది. "అవ్వా, సూడు," అన్నది. మొదటి వరుస చదివింది. అవ్వ చేతిలో సంచి అట్లాగే ఉంది, నోరు తెరిచి వింటోంది. రెండో వరుస మధ్యలో చెల్లె గొంతు ఆగింది. కళ్లు పైకి పోయాయి. పుస్తకంతో పాటు పడిపోయింది. ఒక ఫిట్ పోకముందే ఇంకొకటి, మాపటి దాకా ఆగలేదు. బాపు సూది వేశాడు, తగ్గకపోతే రెండోసారి వేశాడు. ప్రాణం దక్కింది. వారం తర్వాత అవ్వ కిటికీలోంచి పలక తీసి 'మ' రాసి చూపించింది. చెల్లె పలకను చూసింది, నన్ను చూసింది, సిగ్గుపడినట్టు తల దించుకుంది. ఏడేళ్లుగా రోజుకో వరుసగా కూడబెట్టినవి పోయాయి.

అవ్వ తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. పలక చూపించిన మూడోరోజు గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా, "నేను చేసిన తప్పే నువ్వు చేసినవు బిడ్డా. నేను ఏడాది చేసిన. నువ్వు పన్నెండొద్దులే," అన్నది. "గా ఫిట్స్ ఎట్లైనా వచ్చేదేనేమో, ఎవలకెరుక," అని బాపు కూడా అన్నాడు. కావచ్చు. ఆ 'కావచ్చు' పట్టుకుని ఇన్నేళ్లు గడిపాను గాని దాని మీద బరువు మోపి నిలబడలేకపోయాను. ఆ సాయంత్రం నాలుగింటికి అవ్వ నోటుబుక్కులో కొత్త పేజీ తీసింది. చెల్లె పక్కన కూర్చుని, "మల్ల మొదలువెడుదాం," అన్నది, కొత్త ఇంటికి ముగ్గు వేసే మనిషిలా తేలికగా. చెల్లె 'అ' మీద వేలు పెట్టింది. నేను అక్కడ ఉండలేక పెరట్లోకి పోయాను.

ట్రైనింగ్ అయ్యాక నాకు మానుకోటలో బడి వచ్చింది. అరవైమంది పిల్లల్లో వెనక వరుసలో కూర్చుని ఏమీ రానివాళ్ల దగ్గరికి ముందుగా పోవడం అలవాటైంది. తోటి టీచర్లు ఆశ్చర్యపోయేవారు, నేను కారణం చెప్పలేదు. ఒకరోజు బడికి ఒక కార్డు వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. 'అక్కా నేను మంచిగున్న. గొడుగు ఇంట్లనే ఉన్నది. నువు రా.' అంతే. అడుగున అవ్వ చిన్నగా రాసింది: 'పదకొండొద్దులు రాసింది. నేను చెయ్యి పట్టలేదు.' పిల్లలు చూస్తున్నారని కూడా చూడకుండా కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆ శనివారమే సెలవు పెట్టి రైలెక్కి, వరంగల్‌లో దిగి, పరకాల మీదుగా భూపాలపల్లి, అక్కడి నుంచి కాటారం పోయాను. వారం రోజులున్నాను. నేను ఏమీ నేర్పలేదు. నాలుగింటికి అవ్వ పక్కన చెల్లె, చెల్లె పక్కన నేను కూర్చునేదాన్ని. ఒకరోజు చెల్లె పలక నా వైపు తిప్పి, 'మ' రాసి, "ఇదేందక్కా?" అని అడిగింది. నేను తెలియనట్టు తల అడ్డంగా ఊపాను. "రేపొస్తది తియ్," అని నా వీపు నిమిరింది.

ఆ తర్వాతి వానాకాలం చెల్లెకు మళ్లీ జ్వరం వచ్చింది. మూడురోజులే. మూడోరాత్రి అవ్వ పక్కన పడుకున్న చెల్లె తెల్లవారాక లేవలేదు. దానికి ఇరవై ఏళ్లు నిండాయి. వాగు పొంగి బస్సులు లేక నేను ఒకరోజు ఆలస్యంగా చేరాను. అప్పటికి అంతా అయిపోయింది. ఇల్లు ఇల్లంతా ఎక్కడి వస్తువు అక్కడే ఉంది. ఎవరూ ఏమీ కదపలేదు. అవ్వ నన్ను పట్టుకుని ఏడ్చి, తేరుకున్నాక, "ముందు రోజు తన పేరు మొత్తం రాసింది బిడ్డా. నేను అడగలె. తనే రాసింది," అని చెప్పింది. జ్వరం పడ్డ పిల్ల దగ్గర కూడా ఆమె ఆ రోజు ఏం వచ్చిందో చూసుకుంది.

బాపు రిటైరయ్యాక వాళ్లు జనగామకే తిరిగి వచ్చారు. అవ్వ చాలా ఏళ్లు బతికింది. మానుకోట నుంచి నేను శని ఆదివారాలు పోయేదాన్ని. మధ్యాహ్నం టీ తాగి, గిన్నెలు కడిగి, నాలుగింటికి వాకిట్లోకి వచ్చి కూర్చునేది. చేతిలో పని ఉండేది కాదు, ఎవరైనా పలకరిస్తే పలికేది, లేకపోతే లేదు. ఐదింటికి లేచి పొయ్యి ముట్టించేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "ఒక్కదానివి ఏం చేస్తవే అవ్వా గీ గంటసేపు?" అని. "ఏం చెయ్య బిడ్డా. గీ గంటకు ఇంకో పని ఒప్పది," అన్నది. ఒక మనిషి కోసం అన్నేళ్లు ఆపి ఉంచిన కాలం, ఆ మనిషి పోయాక కూడా వచ్చి మన పక్కన కాసేపు కూర్చునే పోతుందని నాకు అప్పుడు తెలిసింది.